రిమార్కుల గడి

తుఫాను మూడో రాత్రి.
గుణుపురం దగ్గర వంశధార ఎర్రగా, ఒడ్డు మింగుతూ పోతోంది.
ఏటినిండా నీళ్లే.
ఊరి కుళాయిల్లో గాలి.

పంపుహౌసు లాగుబుక్కులో గంటకో గీత.
వోల్టేజి సున్నా. ఆంప్సు సున్నా.
చివర రిమార్కుల గడి, అంగుళమున్నర వెడల్పు.
అందులో ఒడియాలో రాస్తాను: బిద్యుత్ నాహిఁ.
పదహారేళ్లుగా అవే రెండు మాటలు.
అంతకుమించి ఆఫీసు అడగలేదు,
నేనూ చెప్పలేదు.

షెడ్డులో జనరేటరుంది.
నాలుగేళ్ల కిందట దండ వేసి, కొబ్బరికాయ కొట్టి,
ఫోటో దిగి వెళ్లారు.
ఆ దండ దారం ఇంకా రేడియేటరు జాలికి వేలాడుతోంది.
డబ్బాలో డీజిలు పద్దెనిమిది లీటర్లు.
గంటకి పది తాగుతుంది.
ఈ లెక్క నాకు నిద్రలోనూ వచ్చు,
ట్యాంకు మూడోవంతు. అంతే.

ఆసుపత్రి నుంచి కుముదిని దిదీ ఫోను:
"కాన్పులు రెండున్నాయి బాబూ,
బకెట్లో చెయ్యి పెడితే అడుగు తగుల్తోంది."

తాళం తిప్పాను.
టక్.
మళ్లీ తిప్పాను. టక్ కూడా లేదు.
బ్యాటరీ చచ్చి ఎన్నాళ్లయిందో
రాయడానికి లాగుబుక్కులో గడి లేదు.
ఉంది.
నేనే రాయలేదు.

ఇంజనీరు బిసోయి బాబు ఒడియాలో బతిమాలాడు.
హెల్పరు ఇసాకు సవర మాటల్లో ఏదో గొణిగాడు.
నేను మా అమ్మ భాషలో,
మా అమ్మ వినకూడని మాటలన్నీ వాడేశాను.
పాణి అన్నాడొకడు, డా అన్నాడొకడు,
నీల్లు రా నాయనా, నీల్లు, అన్నాను నేను.
ఇనుముకి ఏ భాషా రాదు.

కాసేపటికి ఇసాకే అన్నాడు,
"డీజే బండి."

పైడిసెట్టి టెంటుహౌసు తలుపు అర్ధరాత్రి బాదాం.
లుంగీ ఎగ్గట్టి, మారుమాట లేకుండా
బండికింద దూరి బ్యాటరీ విప్పాడు.
"మొన్న పర్లాకిమిడి పెల్లిలో
తెల్లారేదాకా ఊరంతట్నీ గెంతించింది. ఒట్టుకెల్లండి.
అమావాస్యలోగా తిరిగిచ్చీండి, ఇంకో పెల్లుంది."
గొనెసంచి దానికి కప్పి
మేం తడిశాం.

కేబుళ్లు బిగించి తిప్పితే
ఒక దగ్గు.
నల్లటి పొగ.
ఇంకో దగ్గు, ఆ తర్వాత
గోడ మీది బల్లి కిందపడేంత అరుపు.
గేజి ముల్లు వణుకుతూ లేచింది.
పైపు మీద అరచెయ్యి పెట్టాను,
లోపల నీరు నడుస్తుంటే ఇనుము చల్లబడుతుంది.
బిసోయి బాబు కూడా పెట్టాడు, నా చేతి పక్కన,
ఆఫీసరన్న సంగతి మర్చిపోయి.

ఇక వాల్వులు.
ఆసుపత్రి లైను ముందు, దానికి ఆలోచనెందుకు.
మిగిలింది ఎవరికి?
కాలనీ పల్లం, జనం ఎక్కువ.
మెరకవీధి ఎత్తు, సగం బలం ఎక్కడానికే పోతుంది.
మా ఇల్లు మెరకవీధిలో, చిట్టచివర.
చక్రం ఇరవైరెండు చుట్లు తిరిగితే గానీ మూసుకోదు.
పద్నాలుగో చుట్టు దగ్గర కాస్త ఆగాను.
బిగిసిపోయిందేమో అనుకుని
ఇసాకు వచ్చి చెయ్యి వేశాడు.
బిగిసింది చక్రం కాదని వాడికి చెప్పలేదు.

గంటా నలభై ఏడు నిమిషాలు.
అప్పుడు ఇంజను ఒకసారి ఎక్కిళ్లు పెట్టి ఊరుకుంది.
దాని హోరులో మరిచిపోయిన ఏరు
మళ్లీ వినపడింది.

వెలుగొచ్చేసరికి దాలమ్మ
రెండు బిందెలు చంకనేసుకుని గుమ్మంలో ఉంది.
పెళ్లయిన పదేళ్లలో పంపుహౌసుకి రావడం అదే మొదలు.
నన్నేమీ అడగలేదు.
బిందెలు మాత్రం
అంత చప్పుడయ్యేలా దించనక్కర్లేదు.

లాగుబుక్కు తీశాను.
వోల్టేజి సున్నా. ఆంప్సు సున్నా.
రిమార్కుల గడిలో బిద్యుత్ నాహిఁ అని మొదలెట్టి
కలం ఆగక, తెలుగులోకి దిగిపోయాను:
డీజిలు నిల్. బ్యాటరీ పైడిసెట్టిది, అమావాస్యలోగా ఇవ్వాలి.
మన బ్యాటరీ చచ్చి ఏడు నెలలు. రాయనిది నేను.
మెరకవీధికి నీళ్లు వదల్లేదు. ఆపింది నేను.
అంగుళమున్నరలో పట్టలేదు.
అక్షరాలు గీత దాటి కింది గంటలోకి,
ఆ కింది గంటలోకి పాకాయి.
ఆ గంటలకి వేయాల్సిన సున్నాలకి
చోటు మిగల్లేదు.